సంపు మూత

శామీర్‌పేట వైపు పోయే దారిలో కొత్తగా వెలసిన గౌరీనగర్ కాలనీలో పార్వతీదేవిని ఎరగనివాళ్లు లేరు. పేరుతో కాదు, చేతిలో బకెట్‌తో ఎరుగుదురు. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకి, బట్టలు జాడించిన నీళ్లు వాకిలికి. ఒక్క చుక్క కాలవలోకి పోయిందా, ఆవిడకి ఆ పూట అన్నం సయించదు. పుట్టింది మాత్రం కోనసీమలో. పెరటి గుమ్మం దిగితే కాలవే. నీళ్లంటే విసుక్కుంటూ పెరిగిన మనిషి, ఇక్కడ బోరు ఎండిపోయాక ట్యాంకర్ కోసం వీధి మలుపు దాకా ఎదురెళ్లి నిలబడడం నేర్చుకుంది. ఇద్దరే ఉండే ఇంటికి ఇంత హైరానా ఏమిటని నవ్వేవాళ్లు నవ్వారు. వాళ్ల కుళాయిలు ఎండినప్పుడు వాళ్లూ ఆవిడ వెనకాలే నిలబడ్డారు.

ఆ ఇంటి సంపు, అంటే నేలలో కట్టిన నీళ్ల తొట్టి, వాకిట్లో, గేటుకీ మెట్లకీ సరిగ్గా మధ్యన ఉంటుంది. మనిషి మునిగిపోయేంత లోతు. దాని మీద ఇనప మూత. ఇంటిపనికి వచ్చే సుక్కమ్మ రోజూ పొద్దున్నే ఆ మూత చుట్టూ కడిగి ముగ్గు పెడుతుంది. గేటు ముందు పెట్టింది చాలదా, అక్కడ కూడా ఎందుకూ, నీళ్లు దండగ అని పార్వతీదేవి గొణుగుడు. సుక్కమ్మ వినదు.

"నీళ్లున్న తావు గంగమ్మ ఉన్న తావమ్మా. ఉత్తగ ఇడిచిపెట్టొద్దు."

ఆ ముగ్గుకి ఒకే ఒక్క శత్రువు పార్వతీదేవి భర్త పట్టాభిరామయ్యగారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆయన గేటు తీశారంటే తిన్నగా ముగ్గు మీదుగానే నడిచి, చెప్పులకి అంటిన పిండితో హాల్లోకి వస్తారు. "సారు మల్ల తొక్కిండు" అని సుక్కమ్మ, "నా వాకిట్లో నేను చుట్టు తిరిగి రావాలా?" అని ఆయన. ఆ తగువు ఆ ఇంట్లో పొద్దుటి కాఫీ లాంటిది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చాయి. ఆ రోజు పొద్దున ఆయన బీపీ మాత్రల కోసం సుచిత్ర చౌరస్తాకి వెళ్లారు. వాన జోరందుకోగానే పార్వతీదేవి ఆ కాలనీలో అందరూ చేసే పనే చేసింది. సంపు మూత పక్కకి లాగి, మిద్దె మీంచి దిగే గొట్టాన్ని అందులోకి వదిలింది. పైసా ఖర్చు లేని నీళ్లు! నిండగానే మూసేద్దామనుకుని లోపలికెళ్లి కుక్కర్ పెట్టింది.

కుక్కర్ కూత కంటే ముందు వీధిలో కేకలు వినిపించాయి. కాలనీకి ఎగువనున్న కుంటకి గండి పడిందట. చూస్తుండగానే ఎర్రటి నీళ్లు గేటు కిందనుంచి దూరి, మెట్లెక్కి, గడప దాటి హాల్లోకి వచ్చేశాయి. పార్వతీదేవి దేవుడి విగ్రహాలు, బియ్యం డబ్బా, ఫోను ఎత్తుకుని గుమ్మం పక్కన పైకెక్కే మెట్ల మీదుగా పై అంతస్తుకి చేరింది. బాల్కనీలోంచి కిందికి చూస్తే వాకిలి లేదు. గేటు నుంచి గుమ్మం దాకా ఒకటే ఎర్రనీళ్ల పరుపు. అప్పుడు గుర్తొచ్చింది మూత.

వెంటనే ఆయనకి ఫోన్ చేసింది. "మెయిన్ రోడ్డు మీద దిగాను, నడిచొచ్చేస్తున్నా. ఏమీ వినపడ్డం లేదు, ఛార్జింగ్ కూడా..." అంటుండగానే ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. ఆయన ఏ దారిన వస్తారో ఆవిడకి తెలియనిదా! గేటు తీసి, తిన్నగా.

మోకాళ్ల నొప్పులతో ఆఖరి మెట్టు దాకా దిగింది. నీళ్లు కాళ్లని లాగేస్తున్నాయి. గొట్టం ఎటో కొట్టుకుపోయింది. ఆ మట్టినీళ్లలో గొయ్యి ఎక్కడుందో తనకే ఆనవాలు దొరకడం లేదు. మళ్లీ పైకెక్కి, గుర్తుగా ఉంటుందని ప్లాస్టిక్ కుర్చీని ఉజ్జాయింపుగా కిందికి విసిరింది. అది హాయిగా తేలుతూ గోడ పక్కకి పోయింది. ఏడుపొచ్చింది ఆవిడకి. ఎంత నీళ్ల పిచ్చి అయితే మాత్రం, ఒక్క క్షణం ఆగి చూసుకోవద్దూ అని తనని తానే తిట్టుకుంది.

గేటు కిర్రుమంది. ఆయన కాదు, సుక్కమ్మ. కొంగు నడుముకి చుట్టుకుని, తొడల దాకా నీళ్లలో.

"రావద్దు! ఆగు, అక్కడే ఆగు!" పార్వతీదేవి రెండు చేతులూ ఊపుతూ అరిచింది. వాన హోరులో ఆ అరుపు ఆవిడకే వినపడలేదు. చేతులు చూసిన సుక్కమ్మ అమ్మకేదో అయిందనుకుని ఇంకా జోరుగా నడిచింది, తిన్నగా ఆ చోటికే. పార్వతీదేవి కళ్లు గట్టిగా మూసుకుంది.

తెరిచేసరికి సుక్కమ్మ పక్కకి తిరిగి, మందారచెట్టు వారగా, గోడ పట్టుకుని వస్తోంది. పార్వతీదేవి మళ్లీ కింది మెట్ల దాకా దిగింది.

"ఏందమ్మా, గట్ల చేతులూపుతున్నరు? ఏమైందో అని ఉరికొచ్చిన" అంది మెట్లెక్కుతూ.

"అక్కడ పక్కకెందుకు తిరిగావే?"

"ఏడ?"

"సంపు దగ్గర!"

సుక్కమ్మ వింతగా చూసింది. "ఆడ ముగ్గుంటది గదమ్మా. తొక్కుతమా?"

పార్వతీదేవి ఆమె చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూలబడింది. "మూత తీసేశానే సుక్కమ్మా. తెరిచే ఉంది. ఆయనొస్తున్నారు."

సుక్కమ్మ వెనక్కి తిరిగి నీళ్ల వైపు చూసింది. తను దాటొచ్చిందేమిటో అప్పుడు తెలిసింది పాపం. అంతలో గేటు మళ్లీ కిర్రుమంది. ప్యాంటు పైకి మడుచుకుని, గొడుగు పట్టుకుని పట్టాభిరామయ్యగారు. పార్వతీదేవి కొంగు నోట్లో కుక్కుకుంది.

సుక్కమ్మ అరవలేదు. వచ్చిన దారినే గోడ వారగా నీళ్లలోకి పరుగు పెట్టింది. గొయ్యి చుట్టు తిరిగి, ఆయనకి అడ్డంగా, వీపు సంపు వైపు పెట్టి, చేతులు చాపి నిలబడింది.

"ఆగుండ్రి సారూ! ముగ్గుంది!"

"మతి పోయిందా? ఈ నీళ్లలో ముగ్గేమిటి?"

"ఉంది. ఇయ్యాల తొక్కొద్దు."

ఆయన ఆమెని చూశారు, మెట్ల మీద కొంగు నోట్లో కుక్కుకున్న భార్యని చూశారు. ఏదో అర్థమైనట్టు గొడుగు ముడిచి సుక్కమ్మ పక్కనుంచి నీళ్లలోకి గుచ్చారు. గొడుగు పిడి దాకా దిగింది. ఆయన చెయ్యి కూడా మోచేతి దాకా దిగింది. అప్పటికీ అడుగు తగల్లేదు.

గోడ వారగా మెట్లు చేరాక ముగ్గురూ చాలాసేపు ఒకే మెట్టు మీద కూర్చున్నారు.

మర్నాటికి నీళ్లు తీశాయి. వాకిలంతా బురద. సంపు నీళ్లు ఎందుకూ పనికిరావు. మిద్దె మీది ట్యాంకులో అడుగున ఉన్నవే ఇంట్లో మిగిలిన మంచినీళ్లు. పార్వతీదేవి వాటిని బకెట్ నిండా పట్టి తెచ్చి, సంపు మూత దగ్గర నిలబడ్డ సుక్కమ్మ ముందు పెట్టింది.

"బాగా కడుగు. చాలకపోతే ఇంకో బకెట్ తెస్తా" అంది.