డిప్‌స్టిక్ పక్కన బొట్టు

అంబాసిడర్ కారు ఇంజనుకి, కిందికి దించకుండానే, రంగు వేస్తున్నానని ఫోన్లో చెప్పగానే మా బావమరిది పకపకా నవ్వాడు. నరసన్నపేటలో వాడికి ధాన్యం వ్యాపారం, రెండు లారీలు. అందుకని ప్రపంచంలో ఇంజన్లన్నీ తనకే తెలుసని వాడి నమ్మకం.

"దించకుండా రంగేటి బావా? ఇద్దరు మనుసుల్ని, సెయిన్ కప్పీ పంపిత్తాను. పూటలో దించి, డీజిలుతో సుబ్బరంగా కడిగి, స్ప్రే కొట్టి మళ్ళీ ఎక్కించెత్తారు."

"ఎవరూ రానక్కర్లేదురా. ఉన్నచోటే వేసుకుంటాను."

"నీ మొండితనం మా అక్కే బరించింది," అని పెట్టేశాడు.

అక్క అంటే మా ఆవిడ. పోయి రెండేళ్ళు దాటింది. కడగడం అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండింది గానీ, ఎందుకో వాడికి చెప్పలేదు. చెబితే అక్కని తలుచుకుని ఏడుస్తాడు, వాణ్ణి ఓదార్చే ఓపిక నాకు లేదు.

సంగతి ఇది. ఆయుధపూజ రోజు అందరూ బండికి స్టీరింగు మీదా బానెట్ మీదా బొట్టు పెడతారు. మా ఆవిడ బానెట్ ఎత్తించి ఇంజనుకి కూడా పెట్టేది. అదీ పైన కాదు. "నెత్తిమీదెడితే మాడిపోతాది. గుండెకాయ ఓ పక్కకే కదేటి ఉంటాది," అని ఆయిల్ చూసుకునే డిప్‌స్టిక్ పక్కన, ఇంజను దిమ్మకి పసుపు రాసి మధ్యలో కుంకుమ అద్దేది. ఆవిడ ఆఖరిసారి పెట్టిన బొట్టు అక్కడే ఉంది. మూడు నెలల తర్వాత ఆవిడ పోయింది, బండి షెడ్డు దాటలేదు. ఎండిన పసుపులో వేలి గీతలు ఇంకా కనిపించేవి. వారానికోసారి టార్చిలైటు వేసి చూసుకునేవాణ్ణి. ఫోటోలు ఉన్నాయి కదా అంటారేమో. ఫోటోలో ఆవిడ వేలు తగలదు.

పోయిన వానాకాలం షెడ్డు కారింది. దిమ్మకి తుప్పు పట్టి, మెల్లగా పాకి, బొట్టుకి రెండంగుళాల దాకా వచ్చింది. అందుకే రంగు. అందుకే దించకుండా.

వేసవి సెలవుల్లో మొదలుపెట్టాను. సెలవులని అలవాటుకొద్దీ అంటున్నాను, బడి నుంచి రిటైరయ్యాక నాకు అన్నీ సెలవులే. బ్యాటరీ తీగ ఊడదీశాను. కార్బురేటరుకి, డైనమోకి పాలిథిన్ సంచులు తొడిగి కట్టాను. డీజిల్లో ముంచిన బ్రష్షుతో మడ్డి తీసి, ఇనప బ్రష్షుతో తుప్పు గీకి, థిన్నరు గుడ్డతో తుడిచాను. వెనకవైపు చెయ్యి దూరని చోట పుల్లకి చిన్న కుంచె కట్టి, మా ఆవిడ బొట్టు పెట్టుకునే అద్దం పెట్టి, అద్దంలో చూస్తూ వేశాను. అద్దంలో కుడి ఎడమవుతుంది కదా, రంగు సగం నా మోచేతికే పట్టింది.

సాయంత్రం నాలుగయ్యేసరికి పని ఆపేసేవాణ్ణి. ఒకప్పుడు ఆ వేళకి వీధిగదిలో ఆడపిల్లలు వీణ పాఠానికి కూర్చునేవారు. ఆవిడ తొడమీద తాళం వేస్తూ, తప్పు పలికితే నన్ను తిట్టినట్టే వాళ్ళనీ తిట్టేది. ఇప్పుడు నాలుగయితే ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు. బొబ్బిలిలో వీణ వినపడని ఇల్లు మాదొక్కటేనేమో అనిపించేది. భయం వేసేది కూడా. రోజంతా నేను నోరు విప్పింది పాలవాడితో ఒక్క మాట, ఇంజనుతో నాలుగు తిట్లు.

ఇక బొట్టు. రంగు తగలకూడని మిగతా చోట్ల కాగితం కప్పి, అంచులకి మాత్రం టేపు అంటించాను. బొట్టు దగ్గరకొచ్చేసరికి ఎక్కడ రంగు లోపలికి కారుతుందోనని ప్రాణం కొట్టుకుంది. కాగితాన్ని నమ్మలేదు. అగ్గిపెట్టంత టేపు ముక్క కత్తిరించి, నేరుగా బొట్టు మీదే అంటించి, బొటనవేలితో గట్టిగా అదిమాను. ముప్పయ్యేళ్ళు పిల్లలకి సైన్సు చెప్పినవాణ్ణి. జిగురు దేన్నయినా పట్టుకుంటుందని ఆ క్షణాన తోచలేదు.

ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేసి, మూడు రోజులు ఎండలకి ఆరనిచ్చాను. నాలుగో రోజు పొద్దున్నే టేపు లాగాను. పసుపు, కుంకుమ, మొత్తం దానితోపాటు ఊడి వచ్చాయి. దిమ్మ మీద ఉత్త ఇనుము మిగిలింది.

షెడ్డులో నేల మీద కూర్చుండిపోయాను. టేపు మీద బొట్టు చక్కగా గుండ్రంగా ఉంది. కానీ నాకు కనిపిస్తున్నది ఇనుముకి ఆనిన వైపు. ఆవిడ వేలు తగిలిన వైపు జిగురులో ఉంది. తుప్పుకి ఏడాదిగా చేతకాని పని నేను ఒక్క లాగుతో చేశాను. ఆవిడ పోయిన రోజు ఊళ్ళోవాళ్ళంతా ఉన్నారని ఏడవలేదు. ఆ పొద్దున ఎవరూ లేరు, ఏడ్చాను.

దసరాకి ముందు బావమరిది వచ్చాడు. బానెట్ ఎత్తి, "బాగుందే!" అని ఆశ్చర్యపోయి, వెంటనే రంగు లేని చోటికి వేలు చూపించాడు.

"ఇక్కడొగ్గేసావేటి? రంగు డబ్బా ఉంటే తే, నాను అద్దెత్తాను."

"చెయ్యి తియ్యరా!" అని అరిచాను. వాడు బిత్తరపోయి ఆ ఖాళీ గడిని, డిప్‌స్టిక్‌ని, నన్ను చూశాడు. ఏటా అక్క అక్కడ బొట్టు పెట్టడం వాడూ చూసినవాడే. మెల్లగా బానెట్ దించి, "కాపీ ఎట్టవేటి బావా," అన్నాడు.

ఆయుధపూజ రోజు ఆవిడ కుంకుమ బరిణె తీశాను. కుంకుమ గడ్డకట్టింది, వేలితో చిదిపాను. పసుపు తడిపాను, నీళ్ళు ఎక్కువయ్యాయి. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ బొట్టు పెట్టలేదు, బానెట్ పట్టుకు నిలబడటమే నా పని. ఈసారి బానెట్‌ని కమ్మీకి ఆనించి, ఆ ఇనప గడిలో పసుపు రాసి కుంకుమ అద్దాను. కొంచెం కిందికి జారింది. ఆవిడుంటే నా చెయ్యి పక్కకి నెట్టేసి సరిచేసేది. కాసేపు చెయ్యి అక్కడే ఉంచి, తర్వాత తీసేశాను.