గోడౌను ఖాళీ చేయబడదు

అనకాపల్లిలో ఇష్రత్ గొంతు వినని చెవి లేదు. చీరల కొట్టు తగ్గింపు ధరలు, ఉప్మాక వెంకన్న కళ్యాణోత్సవం, రేపు కుళాయిలు రావన్న విచారకరమైన వార్త, గవరపాలెంలో తప్పిపోయిన ఆవు, ఇవన్నీ ఏళ్ళ తరబడి మైకు ఆటోల మీద ఆమె గొంతుతోనే ఊరు చుట్టాయి. ఈ ఊళ్ళో గోడ మీద రాసినదాన్ని ఎవరూ నమ్మరు. పేపర్లో వచ్చినదాన్ని సగం నమ్ముతారు. ఆటో మైకులో వచ్చినదాన్ని మాత్రం శాసనంగా శిరసావహిస్తారు. అయితే ఆ శాసనాలు చదివే మనిషి ముఖం ఎవరూ ఎరగరు. ఆ గొంతు వైజాగ్ నుంచి వస్తుందని కొందరు, కంప్యూటర్లో పుడుతుందని కొందరు అనుకునేవారు. అది పరుపులు కుట్టే సుభాని ఇంట్లో, ఓ బొంత కింద పుడుతోందని ఇంటివాళ్ళకీ, మైకు ఆటో చిన్నబాబుకీ తప్ప తెలియదు.

బొంత కింద అన్నది అలంకారం కాదు. సుభాని కూతురైన ఇష్రత్ డిగ్రీ చదివింది, ఓ ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పింది, జీతం కన్నా హితబోధలు ఎక్కువ ఇస్తున్నారని మానేసింది. చిన్నబాబు పరుపులో దూది మార్పించడానికి వచ్చి, ఈమె తండ్రితో వాదిస్తుండగా విని, "అక్కా, ఇదే మాట మైకులో అంటావా" అని అడిగాడు. అప్పటినుంచి ఇంట్లోని దళసరి బొంతను తలమీదుగా కప్పుకొని, బయటి చప్పుళ్ళు చొరబడకుండా, ఫోనులో రికార్డు చేయడం మొదలుపెట్టింది. మే నెలలో బొంత కింద చెమటలు కక్కుతూ "చల్లచల్లని ఏసీ షోరూముకు విచ్చేయండి" అని నవ్వుతూ పలకడం ఎంత తపస్సో, పురాణాల్లోని మునులకు తెలియదు. వారికి ఎండ ఉండేది గాని బొంత ఉండేది కాదు. ఒకసారి నగల కొట్టు ప్రకటన నడుమ, తల్లి బషీరాబీ పెట్టిన కుక్కరు విజిల్ వేసింది. కొట్టు యజమాని అది ప్రత్యేకంగా పెట్టిన సంగీతమనుకొని, మరుసటేడు కూడా అదే కావాలన్నాడు.

కాలక్రమాన ఆమెకు ముగ్గురు తోడయ్యారు. రోలుగుంట చెరకు రైతుల ఇంటి కన్నబాబు మాటలు రాస్తాడు. బిందుమాధవి బొమ్మలు గీస్తుంది. తారక్ ఆ మాటల్నీ బొమ్మల్నీ కంప్యూటర్లో అతికిస్తాడు. నలుగురూ కలిసి ఇక్కడి మాటల్లోనే చిన్న చిన్న బొమ్మల కథలు చేసి ఫోనుల్లోకి వదిలితే, జనం చూశారు. పని పెరిగింది. చోటు కావలసివచ్చింది. నలుగురు ఒక బొంత కింద పట్టరు. పట్టినా ఊరు ఒప్పుకోదు.

ఇల్లు వెతికే ఘట్టం క్లుప్తంగా చెప్పడం మంచిది, ఎందుకంటే ఇళ్ళవాళ్ళందరూ ఒకే ఇంట్లో తర్ఫీదు పొందినట్టు మాట్లాడారు. మొదటి ఆవిడ, మేడమీది రెండు గదులు చూపించి, "మాంసం వండరు కదా?" అంది.

"వండడానికి కాదండి, మాట్లాడ్డానికి," అన్నాడు కన్నబాబు.

"అద్దె కట్టి మరీ మాట్లాడతారేటి?"

ఆ సందేహం తీరేలోగా ఇష్రత్ తన పేరు చెప్పింది. ఆవిడకు వెంటనే తమ అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చేస్తున్న సంగతి గుర్తొచ్చింది. తరువాతి ఇంటికీ ఓ అబ్బాయి, ఆ పై ఇంటికి మేనల్లుడు వచ్చేస్తున్నారు. అనకాపల్లికి ఆ వారంలో తిరుగు ప్రయాణమైన యువకుల సంఖ్య చూస్తే రైల్వేవారు ప్రత్యేక బండ్లు వేయవలసింది. వాళ్ళెవరూ ఇంకా చేరలేదు. టులెట్ బోర్డులు మాత్రం భద్రంగా వేలాడుతున్నాయి.

"అక్కా, బిందు పేరు మీద తీసుకుందాం. ఎవడికి తెలుత్తాది?" అన్నాడు తారక్.

"నాకు తెలుత్తాది," అంది ఇష్రత్. "ఇకనుంచి గడప తొక్కకముందే నా పేరు చెప్పీండి. మెట్లెక్కే పని తప్పుతుంది."

అలా మెట్లెక్కే పని తప్పించుకుంటూ చివరికి చేరింది నానాజీ గారి గోడౌనుకు. నానాజీ బెల్లం వర్తకుడు. పూర్వం దిమ్మలతో నిండి ఉండే ఆ గోడౌను, బేరాలు తగ్గి, ఖాళీగా పడివుంది. ఆయన పేరు విన్నాడు, ఏ అబ్బాయీ గుర్తురాలేదు. "చీమలుంటాయమ్మా," అని మాత్రం అన్నాడు. ఆ వారమంతా అంత నిజాయితీ చూడని ఇష్రత్ వెంటనే ఒప్పేసుకుంది.

చీమలుండడం కాదు, గోడౌను చీమలదే. మనుషులు వాటి దయాధర్మం మీద ఉన్నారు. తరతరాల పాకం పీల్చుకున్న గోడలు వాన కురిస్తే చెమరుస్తాయి. చెప్పులు నేలకు అతుక్కుపోయి, మనిషి ముందుకు వెళ్ళాక వెనక నిలబడి ఉంటాయి. కానీ సుభాని వచ్చి, ఊళ్ళోవాళ్ళు వదిలేసిన పాత పరుపుల్ని విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి గోడల నిండా వేలాడదీశాడు. తలుపు మూసి ఇష్రత్ ఒక్క మాట అంది. ఆ మాట ఎక్కడికీ పోలేదు. అక్కడే, ఆమె ముందే, శుభ్రంగా నిలబడింది. జీవితంలో మొదటిసారి ఆమె నిటారుగా నిలుచుని, బొంత లేకుండా, కుక్కరు లేకుండా రికార్డు చేసింది. ఆ రోజు ప్రకటన ఏదో పురుగుల మందు గురించి. అయినా కన్నబాబు కళ్ళు తుడుచుకున్నాడు. బెల్లం ఘాటు అన్నాడు.

చిక్కల్లా ఆ తలుపుతోనే వచ్చింది.

ఎదురింటి ఎర్రయ్యకు ఉద్యోగ విరమణ అయ్యాక వీధి తప్ప బాధ్యత లేదు. తలుపు మూసిన గోడౌనులో ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. పరుపులు మోసుకెళ్ళడం ఆయన కళ్ళారా చూశాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏ కోర్టు అడుగుతుంది? దీనికి తోడు ఓ కథలో ఇష్రత్ ఏడ్చే ఘట్టం వచ్చింది. పరుపులు ఆ ఏడుపులో సగం మింగేసి, మిగతా సగాన్ని వెంటిలేటరు గుండా వీధిలోకి విడిచాయి. సగం వినిపించే ఏడుపు పూర్తి ఏడుపుకన్నా ప్రమాదకరం. ఎర్రయ్య వీధిని వెంటేసుకొచ్చి తలుపు బాదాడు. తలుపు తీసిన ఇష్రత్ చేతిలో టీ గ్లాసు ఉంది.

"ఎవరమ్మా ఏడిసింది?"

"నేనేనండి. బాగా వచ్చిందా?"

రక్షించడానికి వచ్చినవాళ్ళకు రక్షించేందుకు ఎవరూ దొరక్కపోతే ఎంత కోపమొస్తుందో అనుభవించినవారికే తెలుసు. సాయంత్రానికి నానాజీ వచ్చాడు.

"ఏటమ్మా ఇది? వీధంతా నా మీదకొచ్చి పడింది. తలుపు తీసి సేసుకోండి మీ పని. ఎవలికీ గొడవుండదు."

"తలుపు తీత్తే బస్సు హారన్లు, రైలు కూతలు, ఎర్రయ్య గారి దగ్గు, అన్నీ కథలోకి వచ్చేత్తాయి బాబాయ్."

"పోనీ గోడకో కిటికీ పెట్టిత్తాను. ఎవులైనా సూత్తే సూత్తారు, ఊరుకుంటారు."

"కిటికీ ఎందుకు? మేం దొంగతనం చేత్తన్నామా, చేపల్లాగ తొట్టిలో ఉన్నామా?"

"నేను మంచికే సెప్తన్నాను. తలుపన్నా తియ్యి, లేపోతే నెలాఖరుకి ఖాళీ అన్నా సెయ్యి."

"తలుపు మూసుకొని పని చేసుకోడానికే దీన్ని తీసుకున్నాను. తలుపూ తియ్యను, ఖాళీ కూడా చెయ్యను."

నానాజీ చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే వ్యవహారం తేలికయ్యేది. ఊళ్ళో పరువుగల మనిషి కాబట్టి, పరువుగల మనుషులు చేసే పనే చేశాడు. ఖాళీ చేయించకముందే కొత్తవాళ్ళను వెతకబోయాడు. బోర్డు పెడితే ఎవడూ నమ్మడు గనుక, మర్నాడు చిన్నబాబును పిలిచి, గోడౌను అద్దెకిస్తానని ఊరంతా మైకు పెట్టించమన్నాడు. పెట్టించమని ఊరుకోలేదు. "ఎప్పుడూ వచ్చే ఆడగొంతు ఉంది సూడు, కంప్యూటర్ది, అదే పెట్టించు. అది సెప్తే జనం నమ్ముతారు," అన్నాడు. ముందురోజు ఆ గొంతుతోనే తాను వాదించానని ఆయనకు తట్టలేదు. మైకులో దర్జాగా సాగదీసే ఇష్రత్, మనిషితో మాట్లాడితే గబగబా, చిన్నగా మాట్లాడుతుంది మరి.

చిన్నబాబు గోడౌనుకు వచ్చి, చెప్పులు నేలకు అంటుకున్నందువల్ల కాక, వేరే కారణం వల్ల గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా, ఓ ప్రకటనుంది. వద్దంటే నానాజీ గారికి కనబడకుండా వైజాగ్ ఎల్లిపోతాను."

విషయం విన్న కన్నబాబు మండిపడ్డాడు. "మన గొయ్యి మన సేతే తవ్విత్తన్నాడు. ఎల్లి కుదరదని సెప్పు బావా."

"ఒప్పుకుందాం. లోపల చిన్న గరగర పెట్టేత్తాను, ఒక్క ముక్క అర్థం కాదు," అన్నాడు తారక్.

"నా గొంతులో గరగరేటి?" అంది ఇష్రత్. ఖాళీ చేయమన్నప్పుడు కూడా ఆమెకంత కోపం రాలేదు. "శుభ్రంగా చేద్దాం. ఎప్పుడూ తీసుకునే డబ్బే తీసుకుందాం. గోడౌను గురించి మనకన్నా తెలిసినోళ్ళెవరు? ఉన్నదున్నట్టు చెప్పేత్తే సరి."

తలుపు మూసి, రికార్డింగు జరుగుతోందని బయటివాళ్ళకు తెలిసేలా గుమ్మం పైన పెట్టుకున్న ఎర్ర బల్బు వెలిగించి, ఎప్పటికన్నా నిదానంగా చదివింది. మరునాడు పొద్దున్నే చిన్నబాబు ఆటో రింగురోడ్డు మొదలుకొని బయల్దేరింది:

"అనకాపల్లి పట్టణ ప్రజలకు, వర్తక సోదరులకు మనవి. గవరపాలెంలో శ్రీ నానాజీ గారి బెల్లం గోడౌను అద్దెకు ఇవ్వబడును. గాలి స్వల్పము. చీమలు సమృద్ధి. వర్షాకాలమున గోడలు చెమర్చును, పాదరక్షలు నేలకు అంటుకొనును. ప్రస్తుతము ఇందులో నలుగురు పని చేయుచున్నారు. అద్దె ఎన్నడూ తప్పలేదు. తలుపు మూసుకొనుట తప్ప వీరిపై వేరే ఫిర్యాదు లేదు. వీరు తలుపు తీయరు, ఖాళీ చేయరు. ఇది గమనించి రావలసినదిగా కోరుచున్నాము. ఇట్లు, ఇదే గోడౌనులో అద్దెకున్న ఇష్రత్, పరుపుల సుభాని గారి అమ్మాయి."

ఇన్నేళ్ళుగా ఊరి సంగతులన్నీ చెప్పిన గొంతు తన పేరు చెప్పడం అదే మొదలు.

చిన్నబాబు కళ్ళు ఎదురుగా ఉన్న రోడ్డు మీద, చెవులు నానాజీ ఎటునుంచి వస్తాడా అన్న దానిమీద పెట్టి నడిపాడు. టీ కొట్ల దగ్గర గ్లాసులు ఆగాయి. చీరల కొట్టు యజమాని మెట్లు దిగి వచ్చి, "ఓర్నీ, మన మనిషేనా," అన్నాడు. ఆటో సుభాని పరుపుల కొట్టు ముందునుంచి పోయినప్పుడు బషీరాబీ గుండె చేత్తో పట్టుకుంది.

"యా అల్లా, ఆడపిల్ల పేరు రోడ్డు మీద పడింది. నీ పేరు కూడా."

సుభాని సూదిలోకి దారం ఎక్కించడం పూర్తి చేశాడు. "పడనీ. కష్టపడి పెట్టిన పేరే కదా. ఇన్నాళ్ళూ ఇంట్లో మనమిద్దరమే వాడుకున్నాం," అన్నాడు.

బెల్లం మార్కెట్లో వేలం సాగుతోంది. పాట పాడేవాడు నోట్లో మాట నోట్లోనే ఉంచుకొని ఆటో వైపు తిరిగాడు. కళాసీలు దిమ్మలు దించి, మొదట చీమల దగ్గర నవ్వారు. "ఖాళీ చేయరు" దగ్గర ఎవరో ఈల వేశారు. నానాజీ మాత్రం కండువా దులిపి భుజాన వేసుకొని, తిన్నగా గోడౌనుకు నడిచాడు. ఆయన వెనక కొంత మార్కెట్టు కూడా నడిచింది.

"ఆ గొంతు నీదేనేటి?" అన్నాడు గుమ్మంలో నిలబడి. కోపం కన్నా ముందు ఆ ప్రశ్నే వచ్చింది.

"నాదే బాబాయ్."

"మా అమ్మ పోయినప్పుడు పెద్దకర్మకి మైకులో పిలిసింది..."

"నేనే."

నానాజీ కాసేపు పరుపుల వైపు చూశాడు. తరువాత తాను వచ్చిన పని గుర్తు తెచ్చుకున్నాడు. "ఖాళీ సెయ్యరని సెప్పమన్నానా నేను?"

"అద్దెకని చెప్పమన్నారు. లోపల మనుషులున్నారని చెప్పకపోతే వచ్చినోళ్ళు మోసపోరూ? ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించండి, ఇప్పుడే తీసేత్తాను."

"అంత చీమల్లేవు," అన్నాడు నానాజీ. అని, మెడ మీద చెయ్యి వేసుకొని, ఒకదాన్ని తీసి పారేశాడు.

గుంపులోంచి ఎర్రయ్య ముందుకొచ్చాడు. "అదంతా సరే నానాజీ. తలుపు సంగతి తేల్చు."

"తేలింది కదండీ," అంది ఇష్రత్. ఈసారి గబగబా, చిన్నగా అనలేదు. మైకులో చదివే తీరున సాగదీసి, వీధి చివరి దాకా వినిపించేటట్టు అంది. "మీరు మీ ఇంట్లో తలుపేసుకొని పేపరు చదువుతారు. నేను నా అద్దె చోట తలుపేసుకొని కథ చదువుతాను. మీ తలుపు నేనెప్పుడైనా కొట్టేనా? ఇప్పుడు మాకు రికార్డింగుంది. వినాలనుకున్నోళ్ళు రేపు ఫోన్లో వినండి."

తలుపు మూసింది. అది పాతకాలపు బెల్లం గోడౌను తలుపు, దళసరి టేకు. మూసుకోవడంలో దానికొక గాంభీర్యం ఉంది. వీధిలో నిలబడ్డవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకొని, ఎవరి దిమ్మల దగ్గరికి వాళ్ళు వెళ్ళారు.

గోడౌను చూడ్డానికి ఎవరూ రాలేదు. మైకులో చెప్పాక చీమల గురించి అనకాపల్లిలో రెండో అభిప్రాయం లేదు. వచ్చినవాళ్ళు గొంతును చూడ్డానికి వచ్చి, ఎర్ర బల్బు చూసి వెనుదిరిగారు. కొందరు పెద్దమనుషులు తమ ప్రకటనలకు వేరే గొంతు చూసుకున్నారు. అది ఎక్కడా తడబడదు, ఊరు దాన్ని మర్యాదగా విని మర్చిపోతోంది. ఇష్రత్‌కి పని కొంత తగ్గింది. ఆమె ఇప్పుడు ప్రతి ప్రకటన చివరా తన పేరు చెబుతోంది. తగ్గిన పని సంగతి కన్నబాబు ఎత్తితే, "పేరు తియ్యను, రాయి," అంటుంది.

నెలాఖరుకి నానాజీ వచ్చాడు, ఖాళీ చేయమన్నాడు, అద్దె పుచ్చుకున్నాడు. పై నెలా వచ్చాడు, ఖాళీ చేయమన్నాడు, అద్దె పుచ్చుకున్నాడు. వీధికి చెప్పుకోవడానికి ఆయనకు ఆ మాట కావాలి, ఆమెకు చోటు కావాలి. ఎవరికి కావలసింది వారికి దక్కుతోంది. మొన్న కూడా గుమ్మంలో నిలబడి, "మరేటమ్మా, ఎప్పుడు ఖాళీ సేత్తావు?" అని గట్టిగా, ఎర్రయ్యకు వినిపించేలా మొదలుపెట్టాడు.

"చెయ్యను బాబాయ్," అని అంతకన్నా గట్టిగా చెప్పి, ఆయన మాట పూర్తికాకముందే తలుపు మూసేసింది. బల్బు వెలిగింది.