తాలా సాబ్ వామనరావుగారు

వామనరావుగారు మొన్న గురువారం ఉదయం దివంగతులయ్యారన్న వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను. పై ఆఫీసు అనుమతి లేనిదే గోడ గడియారానికి కీ కూడా ఇప్పించని మనిషి, ఎవరినీ అడగకుండా, లిఖితపూర్వకమైన ఉత్తర్వు లేకుండా, ఇంత పెద్ద పని ఎలా చేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. ఉస్మాన్‌గంజ్ బ్యాంకు శాఖలో ఆయన మేనేజరుగా ఉన్నన్నాళ్ళూ నేను ఆయన కింద గుమాస్తాను. సంతాపసభలో ఆయనను అర్థశాస్త్ర పారంగతుడనీ, ద్రవ్యవిధాన ధురంధరుడనీ వక్తలు ఆకాశానికెత్తారు. సంస్మరణ సంచికకు నాలుగు ముక్కలు రాయమని నన్నూ అడిగారు. అడగకుండా ఉండాల్సింది.

ముందు ఆయన సద్గుణాలు చెప్పుకోవాలి. లంచం ముట్టలేదు. ఆలస్యంగా రాలేదు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. "ద్రవ్యం క్రమశిక్షణను కోరుతుంది" అన్నది ఆయన నిత్యపారాయణ వాక్యం. టీ తెచ్చే మనిషి బాకీ అడిగినా అదే మాట చెప్పి పంపేవారు. ఇంతటి నిష్ఠాగరిష్ఠుడు ఒకడి కొంప ఎలా ముంచగలడని మీకు సందేహం రావచ్చు. నిష్ఠతోనే ముంచారు.

గంజ్‌లో, అంటే మా టోకు బజారులో, చిన్న వ్యాపారి సరుకు తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటే ఆ గోదాముకు బ్యాంకు తన తాళం వేస్తుంది. సరుకు వ్యాపారిది, తాళం బ్యాంకుది. ఆ తాళంచెవులన్నీ వామనరావుగారి సొరుగులో ఉండేవి. అందుకే హమాలీలు ఆయనకు తాలా సాబ్ అని పేరు పెట్టారు. అది బిరుదనుకుని ఆయన మురిసిపోయేవారు.

డెబ్బైల మొదట్లో ఎక్కడో అరబ్బు దేశాలవాళ్ళు చమురు ధర పెంచితే, ఇక్కడ మా గంజ్‌లో పల్లినూనె కూడా కొండెక్కి కూర్చుంది. బొంబాయిలో కేంద్ర బ్యాంకు పెద్దలు తలలు పట్టుకుని ఆలోచించి, నూనెగింజల మీద అప్పులు బిగించమన్నారు. అప్పు దొరక్కపోతే సరుకు దాచినవాడు చచ్చినట్టు బయటికి తీస్తాడట! అబ్బబ్బ, ఏం తెలివి! గంజ్‌లో అందరికంటే ఎక్కువ పల్లీలు దాచిన కిష్టయ్య సేటు జన్మలో బ్యాంకు గడప తొక్కలేదు. సొంత డబ్బు, సొంత గోదాము, సొంత తాళం. చిన్నవాళ్ళ చేతులు కట్టేసేసరికి సేటు సరుకు ధర ఇంకా పెరిగింది. ఆ దీపావళికి మా బ్యాంకుకు మిఠాయిల బుట్ట పంపాడు. వామనరావుగారు దాన్ని నిజాయితీగా వెనక్కి పంపారు. ఎందుకు పంపాడో మాత్రం ఆయనకు తట్టలేదు.

తాళం పడినవాడు యాదయ్య. దబీర్‌పురాలో చిన్న నూనె మిల్లు. ఆ ఏటి పల్లీలన్నీ రైల్వే స్టేషను పక్క గోదాములో, మా తాళం కింద ఉన్నాయి. కొత్త నిబంధన ప్రకారం అతను సరుకు విలువలో తన వాటాగా ఇంకొంత డబ్బు కడితే తప్ప బస్తా కదలదు. సరే, అది చట్టం. ఇంతలో వానలు పట్టుకున్నాయి. గోదాము కప్పు కారింది. మూడు రోజులు ముసురు పట్టి, నాలుగో నాడు ఎండ కాసింది. పొద్దున్నే యాదయ్య బ్యాంకుకు ఉరికి వచ్చాడు.

"సార్, బస్తాలు నాకియ్యకుండ్రి. ఒక్కపారి తాళం తియ్యుండ్రి, గంతే. వాకిట్ల ఎండవోస్కుంటం. పొద్దుగూకకముందే మళ్ల నింపి మీకే అప్పజెప్త. మీ మనుషులనే కావలి వెట్టుండ్రి."

వామనరావుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "యాదయ్యా, ఇది నీ పల్లీల సమస్య కాదు. దేశంలో ద్రవ్య సరఫరా సమస్య."

"గదేందో నాకు తెల్వదు సార్. మొలకలొస్తున్నయి. గోదాము బయట నిలవడ్తేనే వాసన కొడ్తున్నది. పెండ్లాం పుస్తెలు గూడ అండ్లనే పెట్టిన. మీ కాళ్లు మొక్కుత."

అతను నిజంగానే వంగాడు. నాకు ఒళ్ళు మండింది. "సార్, ఎండబెట్టడం విడుదల చేయడం కాదు కదా. సర్క్యులర్‌లో ఎండబెట్టడం గురించి ఏమీ లేదు" అన్నాను.

"లేదు కనుకనే కూడదు" అన్నారాయన.

ఇదీ ఆ మహానుభావుడి మేధస్సు. రాయనిదంతా నిషిద్ధమని ఆయన నమ్మకం. పల్లీలను ఎండలో పోయవచ్చునా అని పై ఆఫీసుకు లేఖ రాశారు. వాళ్ళు ఇంకా పై వాళ్ళకు రాశారు. ఒక మేనేజరు తనంతట తాను తలుపు తీస్తే ప్రళయం వస్తుందని అక్కడా అందరూ నమ్మేవాళ్ళే. అభ్యంతరం లేదని జవాబు వచ్చేసరికి వానాకాలం వెళ్ళిపోయింది. తాళం తీశాం. బూజు పట్టి, ఉడికి, నల్లబడ్డ ఆ ముద్దను గానుగకు పట్టించలేమని తేలిపోయింది. ఎరువుకు అమ్మేశారు. బాకీ తీరక మిల్లు కూడా అమ్ముడుపోయింది. తాళం తీసిన రోజు యాదయ్య గోదాము గడప మీద కూర్చుండిపోయాడు.

వామనరావుగారికి ప్రమోషన్ వచ్చింది. ద్రవ్య నియంత్రణను తు.చ. తప్పక అమలు చేసినందుకు శిక్షణ పేరిట విదేశానికి కూడా పంపారు. తిరిగి వచ్చి గంజ్ వర్తకుల సభలో ఉపన్యసించారు. "ఇకపై పల్లీ ధరను నిర్ణయించేది మీ గంజ్ కాదు, ప్రపంచ విపణి" అని సెలవిచ్చారు. వెనక వరుసలో కునుకు తీస్తున్న కిష్టయ్య సేటు లేచి, "గా మార్కెట్ పొద్దుగాల ఎన్ని గంటలకు తెరుస్తరు సార్?" అన్నాడు. సభంతా గొల్లుమంది. వామనరావుగారు దాన్ని నిజమైన ప్రశ్నగా స్వీకరించి, లండన్‌లో ఎప్పుడు తెల్లవారుతుందో అరగంట వివరించారు.

కానీ ఆయన చెప్పింది నిజమే అయింది. సముద్రాల అవతల నుంచి పామాయిల్ వచ్చింది. సొంతంగా నూనె తీసిన యాదయ్య, దబీర్‌పురా రేషను షాపులో కూలికి ఆ పరాయి నూనె కొలిచి పోసే పనిలో కుదిరాడు. వామనరావుగారు రిటైరై అదే పేటలో అద్దెకు దిగారు. జన్మంతా ఆయన అదుపు చేసిన ధరలు ఆయన దాచుకున్నదాన్ని హాయిగా తినేశాయి. పోయిన నెల డబ్బా పట్టుకుని రేషను లైనులో నిలబడ్డారు. వెనక నేనున్నాను.

యాదయ్య చూసి లేచాడు. "నమస్తే సార్. ఎండల నిలవడ్డరేంది, గిట్ల నీడకు రాండ్రి" అని పక్కకు పిలిచాడు.

వామనరావుగారు నీడలోకి వెళ్ళారు. డబ్బా మూత తిప్పుతూ మెల్లగా అడిగారు: "యాదయ్యా, ఆనాడు నేను తాళం తీసి ఉంటే ఏమయ్యేది?"

యాదయ్య కొలత మీద నుంచి చూపు తిప్పలేదు.

"పల్లీలు ఎండుతుండె సార్."

"అంతేనా?"

"గంతే సార్. డబ్బా సక్కగ పట్టుండ్రి, కారుతది."

డబ్బా పక్కకు ఒరిగింది. నూనె ఆయన కాళ్ళ మీద పడింది. ఇంటిదాకా నేనే డబ్బా మోశాను.

ఆయన లేని లోటు తీరనిదని సభలో అందరూ అన్నారు. ఆయన దిగిన మర్నాడే ఆ మేనేజరు కుర్చీలో అలాంటి ఇంకొకాయన కూర్చున్నాడు, నేను చూశాను. యాదయ్య మిల్లు మాత్రం మళ్ళీ తిరగలేదు. అయినా వామనరావుగారికి నేను నమస్కరించవలసింది ఒకటుంది. బొంబాయి పెద్దలు ఈ రోజు వరకూ యాదయ్యను ఒక్క మాట అడగలేదు. ఆయన అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు చేతులు జోడిస్తున్నాను. అదే ప్రశ్న తాళంచెవి చేతిలో ఉన్నప్పుడు అడిగి ఉంటే, ఈపాటికి ఆయన కోసం ఏడ్చి ఉండేవాణ్ణి.