బేసిన్‌లో వేడినీళ్లు

కెనడాలో, కిచెనర్‌లో మా కూతురి ఇంటికి రెండు వీధుల అవతల మెనోనైట్లనే క్రైస్తవుల చర్చి ఉంది. అక్కడ మంగళవారాలు ఆడవాళ్లు బొంతలు కుడతారు. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి కానీ బొంత కుట్టడం చిన్నప్పుడే వచ్చింది. అందుకని వెళ్లేదాన్ని. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దదైన ఒకావిడ నా పక్కన కూర్చునేది. నా ఇంగ్లీషు నాలుగు ముక్కలు. అయినా రెండు చలికాలాలు కలిసి కుట్టాం.

ఈస్టర్ ముందు ఆవిడ నన్నొకటి అడిగింది. ఏసు శిష్యుల కాళ్లు కడిగిన గుర్తుగా, వాళ్లలో ఏటా ఆడవాళ్లు ఇద్దరిద్దరు కూర్చుని ఒకరి కాళ్లు ఒకరు కడుగుతారట. ఆవిడకు ఎప్పుడూ చెల్లెలే జత. ఆ చెల్లెలు పోయింది. నువ్వొస్తావా అంది. సగమే అర్థమై తలూపాను.

తీరా వెళితే, ఆ పెద్ద ప్రాణం నడుముకు తువ్వాలు కట్టుకుని బేసిన్ ముందు మోకాళ్ల మీద వంగింది. కాళ్లు వెనక్కి లాక్కున్నాను. పెద్దవాళ్లతో కాళ్లు కడిగించుకుంటే పాపమని పెరిగినదాన్ని. సరే, ముందు నువ్వే కడుగన్నట్టు తువ్వాలు నా చేతికిచ్చింది. అంతే, మా ఊరి దొర గడీ మెట్లు, మా అమ్మ చేతిలో చెంబు కళ్లముందుకొచ్చాయి. వెట్టికి పోయి రోజూ ఆయన కాళ్లు కడిగేది. నీళ్ల వేడి ఎక్కువైతే తిట్లు. తువ్వాలు కుర్చీలో పడేసి బయటికొచ్చేశాను. తలుపు దగ్గర తిరిగి చూస్తే అందరూ జతలుగా ఉన్నారు, ఆవిడొక్కతే బేసిన్ ముందు.

తర్వాతి మంగళవారం వెళ్లలేదు. యూనివర్సిటీలో చరిత్ర చదివే మనవరాలు ఎందుకని అడిగితే చెప్పాను. అది వాళ్ల చరిత్ర ఇంగ్లీషులో చెబుతుంటే నేను ఆపి ఆపి అర్థం అడిగాను. అయిదు వందల ఏళ్ల కింద జర్మనీలో రైతులు, దేవుడి ముందు అందరం ఒకటైతే దొరలకు మేం బానిసలమెట్లా అని తిరగబడ్డారట. దొరలు వేలమందిని నరికించారు. ఆ గందరగోళం రోజుల్లోనే ఇంకొందరు, పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదు, బుద్ధి తెలిశాకే తీసుకోవాలన్నారు. అందుకు వాళ్లను నదుల్లో ముంచి చంపారు. చంపుతున్నా కత్తి పట్టబోమన్న ఆ మనుషుల వారసులే ఈ మెనోనైట్లు.

"అక్కడ ఎవరూ దొర కాదు అమ్మమ్మా. బోత్ పీపుల్ వాష్. దట్స్ ది పాయింట్."

కత్తి పట్టబోమనడం నాకిప్పటికీ నచ్చదు. మా ఊరివాళ్లు కర్రలు పట్టుకుని నిలబడ్డారు కాబట్టే దొర గడీ వదిలిపోయాడు. కానీ ఆ దొర ఎన్నడూ మా అమ్మ కాళ్లు కడగలేదు. ఆ తేడా చర్చిలో ఆ రోజు నాకు తట్టలేదు.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్లాను.

"సారీ," అన్నాను. "మై మదర్, బిగ్ మ్యాన్ ఫీట్, వాష్. ఎవ్రీ డే."

ఆవిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వంటింట్లోంచి గిన్నెలు కడిగే ప్లాస్టిక్ బేసిన్ తెచ్చింది. ముందు ఆవిడను కూర్చోబెట్టాను. వాచిన కాళ్లు, మేజోళ్ల గీతలు. మెల్లగా కడిగి తుడిచాను.

"నౌ యూ," అంది.

కొత్త నీళ్లు తెచ్చింది. కూర్చున్నాను. నీళ్లు బాగా వేడిగా ఉన్నాయి. ఆ మాట నోట రాలేదు. నా వేళ్లు ముడుచుకోవడం చూసి, ఆవిడే లేచి చన్నీళ్లు తెచ్చి కలిపింది.