ఉపవాసం నాడు పుక్కిట పట్టిన నీళ్ళు

మొన్న కార్తీక సోమవారం పొద్దున్న, ఉప్పలగుప్తం దగ్గర మా స్థలంలో పునాదికి కాంక్రీటు పోయడానికి వచ్చిన ఇంజనీరు, నా చేతిలో ప్లాను కాగితం పెట్టి, ప్లింతు, లింటెలు, సన్‌షేడు, సిటౌటు అంటూ చంటిపిల్ల చేత అక్షరాలు దిద్దించినట్టు ఒక్కొక్కటే వేలితో చూపించాడు. నాకు నవ్వొచ్చింది. పెళ్ళయిన ఏడాది నుంచీ మా మామగారి వెనక ఇటుకల తట్ట మోసిన మనిషిని నేను. ఆ తాపీమేస్త్రీ గారి నోట సిటౌటు అంటే అరుగు, లింటెలు అంటే గుమ్మం మీది దూలం, క్యూరింగు అంటే గోడ తడపడం. పేర్లు మారితే మారాయిలే అని ఊరుకున్నాను గానీ, నీళ్ళ దగ్గర మాత్రం ఊరుకోలేకపోయాను.

మామగారు ఏ ఊళ్ళో పని ఒప్పుకున్నా, సిమెంటు కలిపే ముందు అక్కడి నీళ్ళు పుక్కిట పట్టి చూడందే పార ముట్టుకోనిచ్చేవారు కాదు. సముద్రం దగ్గరి ఊళ్ళు కదా, ఒక నూతిలో తీపి ఉంటే పక్క నూతిలో ఉప్పు. చుట్టలు కాల్చి కాల్చి తన నాలుక మొద్దుబారిందని, ఆ పని నాకు అప్పగించారు. ఇంటి కోడలి మాట మీద పని మొదలవడం నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

అలాంటి దాన్ని ఒక్కసారి తప్పు చేశాను. అదీ కార్తీక సోమవారమే. చుక్క కనబడే దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని, నీళ్ళు తేటగా ఉండటం చూసి, బాగున్నాయని తల ఊపేశాను. వేసవి వచ్చేసరికి ఆ ఇంటి గోడలు తెల్లగా ఉప్పు పూసి, పూత పెచ్చులు పెచ్చులుగా రాలింది. మామగారు ఇంటివాళ్ళకి నా పేరు చెప్పలేదు. సుత్తి పుచ్చుకుని వెళ్ళి, పూతంతా కొట్టేసి, తన రెక్కల కష్టంతో మళ్ళీ వేసి వచ్చి, నాతో ఒకే మాటన్నారు.

"ఉమ్మేస్తే ఉపవాసం పోదమ్మా. ఒకరి గోడ పోతే మాత్రం మనకి పాపం."

అందుకే మొన్న, ఉపవాసంలో ఉండి కూడా, ఇంజనీరు మనుషులు మా స్థలంలో కొత్తగా వేసిన బోరు నీళ్ళు అందరి ఎదుటా పుక్కిట పట్టాను. చుట్టూ ఉప్పునీటి రొయ్యల చెరువులు, ఇంకెలా ఉంటాయి? తుపుక్కున ఉమ్మి, ఈ నీళ్ళతో పని జరగదన్నాను. ఇంజనీరు మర్యాదస్తుడే, "మీరలా నీడలో కూర్చోండి మామ్మగారూ, మేం చూసుకుంటాం కదండీ" అన్నాడు. కూర్చున్నాను. సిమెంటు బస్తాల మీద కూర్చున్నాను.

కువైట్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి నా మీద విసుక్కుంది. ఆ ఇల్లు దానిది, పన్నెండేళ్ళుగా పరాయి వంటిళ్ళలో పడ్డ పాట్లు దానివి. మాఘమాసం గృహప్రవేశానికి సెలవు పెట్టుకుంది, మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. నా మనసు పీకింది. అయినా, "నీ కష్టం బూడిదలో పోసిన పన్నీరు కానివ్వనే. ముహూర్తం పోతే ఇంకోటొస్తుంది" అన్నాను. అది ఫోన్ పెట్టేసింది. నేను బస్తాల మీంచి లేవలేదు.

నాలుగో రోజుకి ట్యాంకరుతో కాలవ నీళ్ళు వచ్చాయి. ట్యాంకరు కోసం ఆగి ఆగి చేస్తున్న పని మాఘానికి అందదని తేలిపోయింది. అమ్మాయి ఇంకా నాతో ముభావంగానే మాట్లాడుతోంది. మాట్లాడనీ. ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ పుక్కిట పట్టి చూస్తూనే ఉన్నాను, రేపూ చూస్తాను.

నా బాధల్లా ఒకటే. ఈ స్థలం కొన్న కొత్తలో మామగారు ఇక్కడే నుయ్యి తవ్వించి, మొదటి చేద నీళ్ళు నా చేత రుచి చూపించి, నేను తీపండీ అనగానే, దోసిలి పట్టి కడుపారా తాగారు. మొన్న నేను ఉమ్మేసింది ఆ నేల నీళ్ళనే.