విష్ణు చెవి, తారాబాయి కేక

విష్ణుకున్న జబ్బు ఒక్కటే. ఏ చప్పుడు విన్నా అది చెవిలో ఎక్కడ గుచ్చుతోందో చెప్పకుండా ఉండలేడు. బోధన్‌లో జానపద పాటలకు మిక్సింగ్ చేస్తాడు కదా, ఆ చెవిని స్టూడియోలో వదిలి రావడం చేతకాదు. పెళ్లిలో అందరూ అక్షింతలు వేస్తుంటే, "సన్నాయి మూడు వేల కాడ గుచ్చుతున్నది" అంటాడు. సన్నటి చప్పుళ్లను కొలిచే లెక్కట అది. చెరుకు లారీ హారన్ కొట్టినా అంతే, ఆపి మరీ డ్రైవర్‌కు చెప్పి వస్తాడు.

కూరగాయల బండి తారాబాయికి ఈ పీడ రోజూ తప్పదు. ఆమె "టమాటే..." అని ఎత్తుకుంటే గల్లీ చివరి కుక్క లేచి కూర్చుంటుంది.

"అక్కా, 'టే' కాడ మూడు వేలు దాటింది," అంటూ విష్ణు ఫోను ఆమె నోటి ముందు పెట్టి రికార్డు చేసుకుంటాడు.

"దాటనియ్యి తమ్మీ. కిలో తీస్కుంటవా, లేదా?"

ఇంతలో ఎవరో ఫిర్యాదు చేశారని గల్లీవాళ్లు తేల్చేశారు. ఇంకోసారి పొద్దున్నే అరిస్తే బండి రానివ్వరట. డాక్టరేమో గొంతు వాచింది, అరవొద్దన్నాడు. అరవకపోతే అమ్మకం ఎక్కడిది? ఫిర్యాదు విష్ణుదేనని తారాబాయికి నమ్మకం. రికార్డు చేసింది వాడే మరి! ఒళ్లు మండిపోయింది.

మర్నాడు విష్ణు స్పీకరు డబ్బా ఒకటి తెచ్చి బండికి కట్టి, మీట నొక్కాడు. డబ్బాలోంచి "టమాటే..." అని ఆమె కేకే వినిపించింది.

"అవ్వో! నా నోరు డబ్బాల ఎట్ల వడ్డదిరా?"

కానీ ఆ గొంతు దుప్పటి కప్పుకుని అరిచినట్టుంది. ఎవరో కొత్తావిడ అనుకున్నారేమో, ఒక్క తలుపూ తెరుచుకోలేదు. విష్ణు మొహం వాడిపోయింది.

"గుచ్చుతున్నదని ఆ సప్పుడు మొత్తమే కోసేసిన. తప్పయింది అక్కా. అది లేసినప్పుడే వంచాలె, తక్కినప్పుడు ముట్టద్దు. దానికి డైనమిక్ ఈక్యూ అని స్టూడియోల ఒక పనిముట్టు ఉన్నది," అని డబ్బా ఊడదీసుకుని పరుగెత్తాడు.

మరుసటి పొద్దున డబ్బా మళ్లీ మోగింది. అదే జీర, అదే సాగదీత! 'టే' దగ్గర మాత్రం ఆ పదును మెత్తగా వంగి, మళ్లీ మామూలైపోయింది. కుక్క కదల్లేదు. తలుపులు మాత్రం తెరుచుకున్నాయి. అందరికన్నా ముందు సంచి పట్టుకుని ఎదురింటి గంగమణి వచ్చింది.

"గొంతు నయమైందా తారక్కా? గిట్లుంటే నేనెందుకు లొల్లి వెడ్తుంటి?"

తారాబాయి చప్పున విష్ణు వైపు తిరిగింది. "అయితే, ఫిర్యాదు నువ్వు ఇయ్యలేదా?"

"నేనెందుకిస్త? నీ గొంతు వినకపోతే పొద్దుగాల నాకు తెలివే కాదు, నిద్రల్నే ఉంట."

ఆమెకు వాడి మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. దోసిళ్లతో టమాటాలు తరాజులో గుమ్మరించింది. తరాజు ఖంగుమంది.

విష్ణు చెవి మూసుకున్నాడు. "అక్కా, తరాజు ఆరు వేల కాడ..."

"మూస్కొని తీస్కపో!"

గల్లీ చివరి కుక్క లేచి కూర్చుంది.