ఏడో గుహ, ఎర్ర ట్యాగు

ఆ రోజుల్లో అన్నీ బాగుండేవని రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏం బాగుండేవి? మా బచేలి టౌన్‌షిప్‌లో పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఇనుప దుమ్ముతో ఇటుక రంగుకొచ్చేది. ఆ దుమ్ములోకి మా మామయ్య విశాఖపట్నం నుంచి ఒక వీడియో గేమ్ డబ్బాను రైల్లో ఒళ్ళో పెట్టుకుని, సొరంగాలన్నీ దాటించి తెచ్చి, నాకూ అన్నయ్యకూ కలిపి ఇచ్చాడు. కలిపి ఇవ్వడమంటే అన్నయ్యకివ్వడమేనని ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. వాడు ఆడుతుంటే క్యాసెట్ మీది దుమ్ము ఊదడం నా ఉద్యోగం. (జీతం లేదు, సెలవులూ లేవు.)

ఆ ఆటలో ఒక పొట్టివాడు గబ్బిలాలను తప్పించుకుంటూ, గుంతలు దూకుతూ ఏడు గుహలు దాటాలి. నాకు పదకొండేళ్ళొచ్చాక ఒకరోజు ఊదనని మొండికేశాను. "ఆడపిల్లలు మూడో గుహ దాటలేరే. నువ్వు ఏడోది చేరి చూపించు, డబ్బా నీదే" అన్నాడు అన్నయ్య. (అయిదోది దాటిన మొహం కాదు వాడిది!) అప్పట్నుంచి వాడు ఇంట్లో లేని ప్రతి నిమిషమూ ఆడాను. చిక్కల్లా ఏమిటంటే, ఆ డబ్బాకు జ్ఞాపకశక్తి లేదు. కాసేపు నిలిపి ఉంచే మీట ఉంది గాని, స్విచ్ ఆపితే మళ్ళీ మొదటి గుహే.

విశ్వకర్మ పూజనాడు, అందరూ స్నానాల హడావిడిలో ఉండగా, నేను ఏడో గుహ చేరాను. ఒకే ఒక్క ప్రాణం మిగిలింది. సరిగ్గా అప్పుడే బస్సు వచ్చేసిందని అమ్మ కేకేసింది. ఏడాదికి ఆ ఒక్క రోజే ఇంటివాళ్ళను కొండ మీది ఇనుప గనిలోకి రానిచ్చి, పూలు కట్టిన మిషన్లు చూపించి, బూందీ పొట్లాలిచ్చేవారు. వెళ్ళనంటే వీపు విమానం మోత. ఆటను నిలిపి, టీవీ మాత్రం ఆపి, డబ్బా మీద తువ్వాలు కప్పి బస్సెక్కాను. తాళం వేసి చివర వచ్చినవాడు అన్నయ్య. కొండ మీద మనిషికి రెండింతలున్న డంపర్ టైరు పక్కన నిలబెడితే, నేను గుహలో వేలాడుతున్న నా పొట్టివాడినే తలుచుకున్నాను.

ఇంటికొచ్చి చూద్దును కదా, తువ్వాలు చక్కగా మడతపెట్టి ఉంది. డబ్బాకు పసుపు, కుంకుమ, పైన బంతిపువ్వు. పక్కన కొట్టిన కొబ్బరికాయ. ప్లగ్గు పీకేసి ఉంది. దానికి 'పని జరుగుతోంది, స్విచ్ వేయరాదు' అని హిందీలో రాసిన ఎర్ర ట్యాగు వేలాడుతోంది. ప్లాంటులో ఎలక్ట్రీషియనైన మా నాన్న కొండ మీంచి మాకంటే ముందే స్కూటర్ మీద వచ్చేసి, ఇంట్లో మిషన్లన్నింటికీ పూజ చేసేశాడు.

"నాన్నా, ఏటి చేసినావు!"

"పూజ చేసినానమ్మా. మిషనన్నాక ఏడాదికో రోజు రెస్టు ఇవ్వాల. కరెంటుండగా బొట్టెడితే షాక్ కొట్టదేటి?"

"నా ఏడో గుహ పోయింది!" అని బూందీ పొట్లం గోడకేసి కొట్టాను. అన్నయ్య తీరిగ్గా ఏరుకుతింటూ, "ఏడోదా? ఎవులు చూసినారు? సబూత్ ఏది?" అన్నాడు. (మా టౌన్‌షిప్‌లో తగువు ఏ భాషలో మొదలైనా హిందీలోనే ముగుస్తుంది.) మళ్ళీ ఆడి సాక్ష్యం చూపిద్దామంటే కొబ్బరినీళ్ళు డబ్బా లోపలికి దిగాయి. ఎంత ఊదినా డబ్బా మళ్ళీ పలకలేదు.

ఆ తర్వాత ఏ విశ్వకర్మ పూజకూ నాన్న చేత బొట్టు పెట్టించుకోలేదు. ఆయన కుంకుమ వేలితో నిలబడేవాడు, నేను మూతి ముడుచుకుని పక్కగదిలోకి పోయేదాన్ని. అలాగే పెళ్ళై వెళ్ళిపోయాను. నాన్న పోయి ఆరేళ్ళయింది.

మొన్న జగదల్‌పూర్‌లో అన్నయ్య ఇంట్లో ఆ మాటొచ్చింది. వాడు తల వంచుకుని, "ఆరోజు తువ్వాలెత్తి టీవీ ఏసి చూసినానే. ఏడో గుహే. కొండ మీద నాన్నతో నేనే చెప్పినాను, వీడియో గేముకీ పూజ చెయ్యమని" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు! ఇన్నేళ్ళ నా కోపం ఒక అమాయకుడి నెత్తిన పోశానే! వాడిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. "డబ్బా తెప్పించు, ఇప్పుడే తేలాలి" అన్నాను.

తెప్పించాడు, పాత ఆటలన్నీ నింపి ఇప్పుడు మళ్ళీ అమ్ముతున్నారట. నలభై అయిదేళ్ళ మనిషిని, కళ్ళద్దాలు సవరించుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ముందు డబ్బాకు బొట్టు పెట్టాను, అదీ ప్లగ్గు పీకే. మొదటి గుహ మొదటి గుంతలోనే మూడు ప్రాణాలూ పోయాయి.

"ఎన్నో గుహదాకా ఎల్లినావే?" అన్నాడు అన్నయ్య.

"ఏడు" అన్నాను, గబుక్కున స్విచ్ ఆపేస్తూ.

ఈసారి సబూత్ అడగలేదు. "చూసినాన్లే" అన్నాడు.

వాడు వంటింట్లో టీ పెడుతున్నాడు. అక్కణ్ణుంచి టీవీ కనబడదు.